గుత్తి లాంటి ఊర్లో ఈవీ కొంటే ఛార్జింగ్ యాడ పెట్టాల? తరచుగా అడిగే ప్రశ్నలు

పచ్చ నంబర్ ప్లేట్ ఉన్న ఎలక్ట్రిక్ బండి (ఈవీ) ఆపితే చాలు, టీ అంగడి దగ్గరైనా సరే రైల్వే స్టేషన్ దగ్గరైనా సరే నలుగురు చుట్టూ చేరి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒక్కచోట రాసి పెడుతున్నా. గుత్తి పేరు పెట్టినా డోన్, తాడిపత్రి, ఆదోని, ప్రొద్దుటూరు వాళ్లకి కూడా తొంభై శాతం ఇదే వర్తిస్తది.

అన్నా, మన ఊర్లో పబ్లిక్ ఛార్జర్ ఉందా లేదా? ఒక్క మాటలో చెప్పు.

ఒక్క మాటలో చెప్తే మీరే ఇబ్బంది పడతారు. మ్యాప్‌లో పిన్ను కనపడటం వేరు, అక్కడ నిజంగా మిషన్ ఉండటం వేరు, ఆ మిషన్ ఈ రోజు మీ బండికి కరెంటు ఇవ్వటం వేరు. కర్నూలు, అనంతపురం, కడప లాంటి జిల్లా కేంద్రాల్లో ఒకటి పోతే ఇంకోటి అనుకోవచ్చు. చిన్న ఊర్లలో అట్లా కాదు, ఉన్న ఒకటో రెండో కూడా ఊరి లోపల ఉండవు, బైపాస్ మీద పెట్రోల్ బంకులోనో హోటల్ ముందరనో ఉంటాయి, లేదంటే కార్ల షోరూం వాళ్ల గేటు లోపల ఉంటాయి, షోరూం మూస్తే అది కూడా మూతే. అందుకని నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, చిన్న ఊర్లో ఉండేవాళ్లకి అసలు స్టేషన్ ఇంట్లో ఉన్న 15 యాంప్స్ పవర్ ప్లగ్, బయట దొరికేది అవసరానికి మాత్రమే. ఈ లెక్కతో కొంటే సుఖంగా ఉంటారు, తిరగేసి లెక్కేసుకుంటే రోజూ టెన్షనే.

పోయే ముందు అది పనిచేస్తాందో లేదో ఎట్లా తెలుసుకోవాల?

ఒక్క యాప్‌ని నమ్ముకోవద్దు. టాటా పవర్, స్టాటిక్, జియో బీపీ, జియాన్, ఆయిల్ కంపెనీలు, ఎవరి యాప్ వాళ్లది, ఒకరి ఛార్జర్ ఇంకొకరి యాప్‌లో కనపడొచ్చు కనపడకపోవచ్చు. కేంద్రం వాళ్లది ఈవీ యాత్ర అని ఒకటుంది, 2022 డిసెంబర్లో తెచ్చినారు, అది చుట్టుపక్కల ఏమేమున్నాయో చూసుకోవటానికి. నాకు ఎక్కువ పనికొచ్చేది ప్లగ్‌షేర్, ఎందుకంటే అందులో ఇంతకుముందు వచ్చినవాళ్లు తేదీతో సహా రాసి పోతారు. పోయిన వారం ఎవరో ఛార్జ్ చేసుకున్నట్టు ఉంటే ధైర్యంగా పోవచ్చు, ఆరు నెలలుగా ఎవరూ రాయలేదంటే అది లేనట్టే అనుకుని ప్లాన్ చేసుకోండి.

యాప్‌లో "అందుబాటులో ఉంది" అని పచ్చగా చూపించినా బంకుకి ఒక ఫోన్ కొట్టండి. ఫోన్ చేసి "ఛార్జర్ పనిచేస్తాందా అన్నా?" అని మాత్రం అడగొద్దు, అందరూ "ఆఁ పనిచేస్తాంది రా సార్" అనే అంటారు. "ఈ రోజు ఎవరైనా కారు పెట్టుకున్నారా, ఎన్ని గంటలకి?" అని అడగండి, అప్పుడు వాడు లేచిపోయి చూసొచ్చి చెప్తాడు. ఒక బంకులో నాలుగు రోజుల నుంచి స్క్రీన్ చచ్చిపోయి ఉన్నా ఫోన్‌లో మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నారు. వాళ్ల తప్పు కూడా అనలేం, బంకు జీతగాళ్లకి ఆ డబ్బాతో సంబంధమే లేదు, దాన్ని పెట్టిన కంపెనీ ఎక్కడో ఉంటది.

చేరుకున్నాం, గన్ (ఛార్జర్ వైరు చివర ఉండే ప్లగ్) పెట్టినాం, ఛార్జ్ ఎక్కట్లేదు. ఏం చూడాల?

వెంటనే వెనక్కి తిరిగి పోవద్దు, సగం సార్లు చిన్న విషయమే ఉంటది. ముందు మిషన్ మీద ఎర్రగా పుట్టగొడుగులా ఉండే ఎమర్జెన్సీ బటన్ చూడండి. పిల్లలో, లారీ క్లీనర్లో ఆటకి నొక్కి పోతారు, అది లోపలికి పోయి ఉంటే ఎంత తన్నుకున్నా ఛార్జ్ స్టార్ట్ కాదు. బంకు వాళ్లకి చెప్పి బాణం గుర్తు వైపు తిప్పితే టక్కున బయటికొస్తది, ఆ తర్వాత మిషన్ మళ్లీ లేవటానికి కొన్ని నిమిషాలు పడతది, ఆగండి.

రెండోది నెట్‌వర్క్. ఆ మిషన్ లోపల కూడా ఒక సిమ్ కార్డే ఉంటది, టవర్ లేకపోతే మీ డబ్బు కట్టినట్టు దానికి తెలియదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఇది బాగా జరుగుతది. మూడోది కార్ లాక్, కొన్ని కార్లు లాక్ చేస్తేనే ఛార్జింగ్ మొదలుపెడతాయి, కొన్నిట్లో స్టార్ట్ బటన్ ఆఫ్‌లో ఉండాల. గన్ బరువుకి కిందికి వాలి సరిగ్గా కూర్చోదు, చేత్తో పైకెత్తి పట్టుకుని స్టార్ట్ కొట్టి చూడండి. ఇంకోటి, గన్ పెట్టే ముందు దాని మొహంలోకి ఒకసారి చూడండి, ఎవరూ వాడని చోట దుమ్ము ఉంటది, కందిరీగలు మట్టి గూడు కట్టి ఉంటాయి. అట్లే గుచ్చేస్తే కారు సాకెట్లోకి మట్టి పోతది.

యాప్ వాలెట్‌లో డబ్బు ఇంటి దగ్గరే వేసుకుని బయలుదేరండి. హైవే పక్కన ఎండలో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం అంత దరిద్రం ఇంకోటి లేదు. కనీస రీఛార్జ్ అని వందో ఐదొందలో వేయించుకుంటారు, అది వాడేదాకా అందులోనే పడి ఉంటది, తప్పదు.

గన్‌లు రకరకాలుగా ఉన్నాయి, నాకు ఏది పనికొస్తాది?

ఈ మధ్య వచ్చిన కార్లు దాదాపు అన్నిటికీ డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌కి సీసీఎస్ 2, ఏసీకి (ఇంటి కరెంటు లాంటిది, నెమ్మదిగా ఎక్కేది) టైప్ 2. సీసీఎస్ 2 సాకెట్లో పై సగం టైప్ 2 యే, కింద రెండు లావు పిన్నులు అదనం. పాత టిగోర్, ఈ-వెరిటో లాంటివి సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తున్నాయని కొనేవాళ్లు జాగ్రత్త, వాటికి జీబీ/టీ అని వేరే గన్, 15 కిలోవాట్ల పాత రకం. అది మన వైపు దొరకటం కష్టం, దొరికినా పనిచేయటం ఇంకా కష్టం. ఎంజీ కామెట్‌కి డీసీ ఛార్జింగే లేదు, ఎన్ని ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నా దానికి ఏసీనే దిక్కు.

60 కిలోవాట్లు అని రాసి ఉంది, నాకు 28 మాత్రమే వస్తాంది. మోసమా?

చాలాసార్లు కాదు. 60 మిషన్‌కి రెండు గన్‌లు ఉంటే, పక్కన ఇంకో కారు పెట్టుకుంటే చెరి సగం పంచుతది. మీ కారే తక్కువ తీసుకునే రకం కావచ్చు. బ్యాటరీ వేడెక్కి ఉంటే కారే తగ్గించుకుంటది. 80 శాతం దాటినాక ఏ కారైనా తగ్గిస్తది, ఆ చివరి ఇరవై శాతానికి పట్టే టైంలో మీరు ఇంకో అరవై కిలోమీటర్లు పోయి ఉంటారు. అందుకే హైవే మీద 80కి తీసేసి కదలండి, వెనక నిలబడినవాడు కూడా దీవిస్తాడు.

ఏసీలో ఇంకో తిరకాసు ఉంది. బోర్డు మీద 22 కిలోవాట్లు అని ఉంటది కానీ మీ కారు లోపల ఉండే ఛార్జర్ 3.3 దో 7.2 దో అయితే అంతే తీసుకుంటది. బోర్డు చూసి గంటలో అయిపోతదనుకుని భోజనానికి పోయి వచ్చినవాళ్లు నాకు తెలుసు, పాపం ఇంకో భోజనం కూడా చేయాల్సి వచ్చింది.

ఇంట్లో మామూలు 15 యాంప్స్ ప్లగ్ సరిపోతాదా? దీని మీదే అందరూ అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పు.

సరిపోతది. 230 వోల్టులు, 15 యాంపులు అంటే దాదాపు మూడు కిలోవాట్ల పైచిలుకు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరుకి తీస్తే మధ్యలో పోయే వృథా తీసేసినా 20 యూనిట్ల పైన బ్యాటరీలోకి పోతాయి, అంటే మన రోడ్ల మీద 140, 150 కిలోమీటర్లు. ఊర్లో తిరిగేవాడు రోజుకి అంత తిరగడు.

కాకపోతే ఆ ప్లగ్ మంచిదై ఉండాల. గీజర్ కోసమో ఏసీ కోసమో పదేళ్ల కింద పెట్టించిన పాయింట్ కాదు. మీటరు బోర్డు నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయించండి, దానికి సెపరేట్ ఎంసీబీ, షాక్ కొట్టకుండా 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, సాకెట్ మంచి కంపెనీ ఇండస్ట్రియల్ రకం. గీజర్ అరగంట వాడి ఆపేస్తాం, కారు తొమ్మిది గంటలు ఏకధాటిగా లాగుతది, సాకెట్ లూజుగా ఉంటే ఆ చోటే కాలిపోయి నల్లగా అయితాది. మొదటి వారం రాత్రి ఒకసారి లేచి ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేకపోతే అప్పటికప్పుడు తీసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మేడ మీద నుంచి వేలాడేసిన సన్న వైర్లు అస్సలు వద్దు.

ఇప్పుడు అసలు కథ, ఎర్తింగ్. మన సీమలో ఛార్జింగ్ పెట్టిన వెంటనే కారుతో వచ్చే ఛార్జర్ డబ్బా మీద ఎర్ర లైట్ వచ్చి ఆగిపోయే కేసుల్లో చాలావాటికి ఎర్తింగే కారణం. కారు తెలివైంది, ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు తీసుకోనే తీసుకోదు. షోరూం వాడు ఛార్జర్ మార్చినా, కారు మార్చినా ఇదే పాట. మన నేల ఎట్లాంటిది, ఏప్రిల్ వచ్చేసరికి ఎర్త్ గుంతలో చుక్క తడి ఉండదు, ఎండిన మట్టిలో కరెంటు పోవటానికి దారి ఉండదు. బొగ్గు, ఉప్పు వేసి గుంత మళ్లీ నింపించండి, ఎండాకాలంలో వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి మల్టీమీటర్‌తో మీ కళ్ల ముందరే చూపించమనండి, ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య ఎంత ఉందో ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాల, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదు. కొంతమంది ఎలక్ట్రీషియన్లు తెలివిగా సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి "అయిపోయింది సార్, పచ్చ లైట్ వచ్చింది" అంటారు. లైట్ వస్తది నిజమే, కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగిపోతే మీ కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తది. అట్లాంటి పని చేసినోడిని మళ్లీ గడప తొక్కనివ్వొద్దు.

ఇంకో చిన్న పని, ఇంటి లోడ్ ఎంత ఉందో కరెంటు బిల్లు మీద చూడండి. ఒక కిలోవాట్ రెండు కిలోవాట్లే ఉంటే కారు తెచ్చే ముందే లోడ్ పెంచమని మనకి కరెంటు ఇచ్చే కంపెనీ ఎస్పీడీసీఎల్‌కి అప్లికేషన్ పెట్టండి.

లో వోల్టేజ్ వస్తది, కరెంటు పోతా వస్తా ఉంటది. బ్యాటరీ పాడవుతుందా?

కరెంటు పోతే ఛార్జింగ్ ఆగుతది, వస్తే దానంతట అదే మొదలయితాది, బ్యాటరీకి ఏమీ కాదు. లో వోల్టేజ్‌కి కారు తక్కువ లాగుతది లేదా ఆపేస్తది, అంతే. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అందరి ఏసీలూ నడుస్తుంటాయి, ఆ టైంలో పెట్టకుండా పదకొండు తర్వాత మొదలయ్యేట్టు టైమర్ పెట్టుకోండి, కారు యాప్‌లో ఆ సదుపాయం ఉంటది. మే నెల గాలివానకి స్తంభాలు పడిపోయినప్పుడు ఒక రోజంతా రాకపోవచ్చు, ఆ నెలలో బ్యాటరీని నలభై శాతం కిందికి దించకుండా చూసుకుంటే చాలు. కంప్లైంట్‌కి 1912.

బాడుగ ఇంట్లో ఉంటున్నా, ఓనరు ఒప్పుకోవట్లేదు.

ఓనరు భయం రెండిటికి, బిల్లు ఎవరు కడతారు, ఇల్లు కాలిపోతుందా అని. ఒక సబ్ మీటర్ పెట్టించి వైరింగ్ ఖర్చు మీరే పెట్టుకుంటామనండి, సగం మంది ఒప్పుకుంటారు. "అంకుల్, ఇల్లు ఖాళీ చేసినా పాయింట్ మీకే ఉంటది" అని ఒక మాట వేయండి. అయినా ఒప్పుకోకపోతే, ఇంట్లో పెట్టుకునే వీలే లేకపోతే, చిన్న ఊర్లో ఈ కారు ఇప్పుడు కొనొద్దు. బంకు ఛార్జర్ ఒక్కదాన్నే నమ్ముకుని సంసారం చేయలేరు.

ఖర్చు నిజంగా అంత తక్కువా?

ఇంట్లో అయితే అవును, బయట అయితే అంత కాదు. 2022లో మార్చిన స్లాబుల్లో నెలకి 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75 రూపాయలు. కారు వచ్చినాక మీరు పై స్లాబులోకే పోతారు కాబట్టి ఆ రేటుతోనే లెక్కేసుకోండి, అన్నిటికంటే కింది స్లాబు ఒకటి తొంభై రేటుతో లెక్కలేసే వీడియోలు చూసి మురిసిపోవద్దు. దాని మీద సర్దుబాటు ఛార్జీలని ఎప్పటెప్పటివో వచ్చి పడతాయి, అవి మీకు తెలిసిన బాధే. అయినా చిన్న కారు యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ఇస్తే, వృథా కలుపుకుని కిలోమీటర్‌కి రూపాయిన్నర అటూ ఇటూ. పబ్లిక్ డీసీ ఛార్జర్లో ఆపరేటర్ని బట్టి యూనిట్ పదిహేను నుంచి పాతిక దాకా ఉంటది, పైన 18 శాతం జీఎస్టీ, అది కలిపి చూపించారా విడిగానా చూసుకోండి. అంటే కిలోమీటర్‌కి రెండున్నర నుంచి నాలుగు పైచిలుకు దాకా. మన రాష్ట్రంలో పెట్రోల్ రేటుకి లీటర్‌కి పదహారు ఇచ్చే కారు ఆరున్నర పైనే తింటది. బయట పెట్టినా లాభమే, కాకపోతే వాట్సాప్‌లో చెప్పినంత కాదు.

మిద్దె మీద సోలార్ పెడితే?

మనకంటే ఎండ ఎవరికుంది చెప్పండి. ఒక కిలోవాట్ రోజుకి సగటున నాలుగు యూనిట్లు ఇస్తది, మూడు కిలోవాట్లు పెడితే పన్నెండు, అంటే రోజుకి ఎనభై కిలోమీటర్ల దాకా బండికే సరిపోతది. పీఎం సూర్య ఘర్ కింద మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ. పగలు కారు ఆఫీసులో ఉంటే పర్లేదు, నెట్ మీటర్ ఉంటది కాబట్టి పగలు లైన్లోకి పంపింది రాత్రి వాడుకున్నట్టు లెక్కేస్తారు.

ఒక్కోసారి ఒళ్లు మండేది ఏమంటే, ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్, తాడిపత్రి ఉరవకొండ వైపు ఎటు చూసినా గాలి మరలు, ముద్దనూరులో థర్మల్, పెనుకొండలో కియా వాళ్లు ఎలక్ట్రిక్ కార్లు కూడా చేస్తున్నారు. కరెంటు మనదే, కారు మనదే, గన్ పెట్టుకునే చోటు మాత్రం పక్క జిల్లాలో వెతుక్కోవాల.

హైదరాబాద్ - బెంగళూరు హైవే మీద గుత్తి నుంచి ఎట్లా ప్లాన్ చేసుకోవాల?

గుత్తి నుంచి కర్నూలు సుమారు 95 కిలోమీటర్లు, అనంతపురం 50 చిల్లర. చిన్న బ్యాటరీ కారుతో కూడా ఇంట్లో ఫుల్ చేసుకుని కర్నూలు దాకా పోవచ్చు, తిరిగి రావటానికి అక్కడ టిఫిన్ చేసేలోపు పది పదిహేను యూనిట్లు ఎక్కించుకుంటే ధీమాగా ఉంటది. హైదరాబాద్ అయితే కర్నూలు దాటి 210 పైన ఉంటది, కర్నూల్లో బ్యాటరీ సగం ఉన్నా ఆపి పెట్టుకోండి, అక్కడ ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటది. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, పామిడి వీటిని లెక్కలోకి తీసుకోవద్దు, దొరికితే అదృష్టం.

మూడు విషయాలు ఎవరూ చెప్పరు. ఒకటి, ఛార్జర్ రోడ్డుకి ఏ వైపు ఉందో చూసుకోండి. నాలుగు లైన్ల రోడ్డు, మధ్యలో డివైడర్, యాప్‌లో 200 మీటర్లు అని చూపిస్తది, తీరా అది అవతలి వైపు ఉంటది, యూటర్న్ కోసం కిలోమీటర్లు పోయి మళ్లీ వెనక్కి రావాల. ఐదు శాతం బ్యాటరీతో ఉన్నప్పుడు ఇది ఎంత నరకమో పడితే తెలుస్తది.

రెండు, గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎట్లా కొడతదో మీకు నేను చెప్పక్కర్లేదు, గాలి మరలు ఊరికే పెట్టలేదు ఇక్కడ. కర్నూలు నుంచి అనంతపురం వైపు వచ్చేటప్పుడు ఆ గాలి పక్క నుంచి, ఏటవాలుగా ఎదురు కొట్టి కొంత రేంజ్ తింటది, వంద స్పీడ్‌లో ఇంకా ఎక్కువ. ఎనభైకి తగ్గిస్తే మీటర్లో తేడా వెంటనే కనపడతది.

మూడు, పండగలు. సంక్రాంతి, దసరా ముందు రోజుల్లో హైదరాబాద్, బెంగళూరు బండ్లన్నీ ఒకేసారి దిగుతాయి, ఛార్జర్ పనిచేస్తున్నా మీ ముందు ముగ్గురుంటే రెండు మూడు గంటలు అక్కడే. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయలుదేరండి.

కడప వైపు?

తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకి పోవచ్చు, మధ్యలో ఏమీ లేదనుకునే బయలుదేరండి. కడప నుంచి రాయచోటి అయితే గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా పడిపోతది, కంగారు పడొద్దు, దిగేటప్పుడు రీజెన్‌లో (మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపటం) కొంత తిరిగొస్తది. పాలకోవాకి ఎట్లాగూ ఆగుతారు. అహోబిలం, గండికోట, బెలుం లాంటి చోట్లకి పోయేవాళ్లు నంద్యాల, ప్రొద్దుటూరు, తాడిపత్రి లాంటి పెద్ద ఊర్లో నింపుకునే ముందుకి పోండి.

మన ఎండకి బ్యాటరీ తట్టుకుంటాదా? పేలిపోతాయంట కదా?

కర్నూల్లో 44 డిగ్రీలు మామూలే. ఇప్పుడు వస్తున్న కార్లలో చాలావాటికి బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరుగుతది, ఏసీ లాగే చల్లబరుస్తది, దాని కోసం కొంచెం కరెంటు తింటది అంతే. మధ్యాహ్నం రెండింటికి హైవే మీద లాగించి వచ్చి వెంటనే ఫాస్ట్ ఛార్జర్ పెడితే స్పీడ్ తగ్గుతది, పది నిమిషాలు నీడలో ఆపి పెట్టండి. స్కూటర్లు కాలిపోయిన వార్తలు 2022లో బాగా వచ్చినాయి, ఆ తర్వాతే బ్యాటరీలకి ఏఐఎస్ 156 రూల్స్ గట్టి చేసినారు, అందుకే దానికి ముందు తయారైన చౌకరకం స్కూటర్లని సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దంటా. ఎండలో తిరిగొచ్చిన స్కూటర్‌కి వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, చల్లబడనివ్వండి. మంచం పక్కన, వాకిలికి అడ్డంగా అసలే వద్దు.

స్కూటర్‌కి బయట ఛార్జింగ్ దొరుకుతుందా?

స్కూటర్‌కి అంత అవసరం పడదు, మూడు యూనిట్ల బ్యాటరీ, మామూలు 5 యాంప్స్ ప్లగ్‌కి రాత్రి పెడితే పొద్దునకి ఫుల్. బయట మాత్రం కంపెనీకో గన్. ఏథర్, హీరో విడా ఒకే రకం వాడతాయి, ఓలాది వేరే, మిగతావాళ్లకి వాళ్ల ఛార్జర్ డబ్బా సీటు కింద పెట్టుకుని పోవటమే. అత్తగారింటికి పోయేటప్పుడు డబ్బా మర్చిపోవద్దు, అంతే.

ఎలక్ట్రిక్ ఆటో నడిపేవాళ్ల సంగతి?

వీళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు గానీ నిజంగా పబ్లిక్ ఛార్జింగ్ కావాల్సింది వీళ్లకే. కారు వాడు రోజుకి ముప్పై తిరిగి ఇంట్లో పెట్టుకుంటాడు, ఆటో అన్న వంద తిరగాల, మధ్యాహ్నం ఒక గంట పెట్టుకుంటే ఇంకో నాలుగు ట్రిప్పులు పడతాయి. ఆటోకి ఫాస్ట్ ఛార్జర్ కూడా అక్కర్లేదు, 15 యాంప్స్ సాకెట్ చాలు. బస్టాండ్ దగ్గర, రైల్వే స్టేషన్ ఆటో స్టాండ్ దగ్గర మీటర్ పెట్టి నాలుగు సాకెట్లు ఇస్తే లక్షల మిషన్ కంటే ఎక్కువ వాడకం ఉంటది. ప్రస్తుతానికి తెలిసిన అంగడి వాళ్లని అడిగి యూనిట్‌కి ఇంత అని మాట్లాడుకుని పెట్టుకుంటున్నారు.

లాడ్జిలో, ఢాబాలో అడిగి పెట్టుకోవచ్చా?

అడగండి, మనోళ్లు కాదనరు. కాకపోతే రూం తీసుకునే ముందే అడగండి, తీసుకున్నాక కాదు. "ఏసీ వాడినంత కరెంటు అవుతది, 200 ఇస్తా" అని ముందే రేటు చెప్పేస్తే మేనేజర్‌కి లెక్క తేలికవుతది. ప్లగ్ చూడకుండా ఒప్పుకోవద్దు, కారు నిలబెట్టే చోటికి కేబుల్ అందాల. ఎర్తింగ్ లేక ఎర్ర లైట్ వస్తే వంటగది వైపు పాయింట్ ఉందేమో అడగండి, గ్రైండర్ కోసం అక్కడ మంచిది పెట్టించి ఉంటారు.

నాకు లాడ్జి ఉంది, లేదా రోడ్డు పక్క స్థలం ఉంది. ఛార్జర్ పెడితే గిట్టుబాటా? లైసెన్స్ కావాలా?

లైసెన్స్ అక్కర్లేదు, ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మటం కాదు, సర్వీసు అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చేసింది. మన రాష్ట్రంలో ఈ పని చూసే నోడల్ ఏజెన్సీ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (జనం నెడ్‌క్యాప్ అంటారు), కనెక్షన్ ఇచ్చేది ఎస్పీడీసీఎల్. కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో పబ్లిక్ ఛార్జర్లకి 2,000 కోట్లు పెట్టినారు.

గిట్టుబాటు అంటే, డీసీ మిషన్ లక్షల్లో పని, లోడ్ ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా మీ నెత్తినే. మన ఊరి బండ్ల లెక్కకి రోజుకి ఇద్దరో ముగ్గురో వస్తే అప్పు తీరదు. హైవే మీద, రెండు వైపులా దారి ఉన్న చోట అయితే ఆలోచించండి. లాడ్జి వాళ్లకి మాత్రం నా సలహా వేరు, 7 కిలోవాట్ల ఏసీ ఒకటి, 15 యాంప్స్ సాకెట్లు రెండు పెట్టండి చాలు, రాత్రంతా నిద్రపోయే కస్టమర్‌కి ఫాస్ట్ ఎందుకు. మ్యాప్‌లో మీ లాడ్జి పేరు పక్కన ఛార్జింగ్ గుర్తు పడితే బెంగళూరు వాళ్లు దానికోసమే మీ దగ్గర దిగుతారు. ఒకటే షరతు, చెడిపోతే బాగు చేయించే మనిషిని ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఉన్న పేరు కూడా పోతది.

హైవే మీద ప్రతి 25 కిలోమీటర్లకి ఒకటి పెడతామన్నారు కదా?

అన్నారు. 2022 జనవరి గైడ్‌లైన్స్‌లో హైవేకి రెండు వైపులా 25 కిలోమీటర్లకి ఒకటి, ఊర్లలో మూడు కిలోమీటర్ల పొడవు, వెడల్పు ఉన్న గడికి ఒకటి అని అప్పట్లో రాసినారు. మిషన్ పెట్టినప్పుడు రిబ్బన్ కట్ చేస్తారు, ఏడాది తర్వాత దాని స్క్రీన్ వెలుగుతాందా అని చూసేవాడు ఎవరు అనేదే నా ప్రశ్న.

దారి మధ్యలో ఆగిపోతే?

సున్నాకి వచ్చే ముందు కారే స్పీడ్ తగ్గించి చెప్తది, అప్పుడే ఎడమకి తీసి ఆపండి. ట్రాక్టర్‌కో ఆటోకో తాడు కట్టి లాగించొద్దు, చక్రాలు తిరిగితే మోటార్ తిరిగి దెబ్బతింటది, ఫ్లాట్‌బెడ్ బండి మీదే ఎక్కించాల. కారు కంపెనీ రోడ్ సైడ్ నంబర్ ఫోన్లో పెట్టుకోండి, నేషనల్ హైవే అయితే 1033. పక్కనే పల్లె ఉంటే ఏదైనా ఇంట్లో గంట పెట్టుకున్నా ఇరవై కిలోమీటర్లు వస్తది, మన పల్లెల్లో అడిగితే ప్లగ్‌తో పాటు మజ్జిగ కూడా ఇస్తారు.

ఛార్జర్ ముందర పెట్రోల్ కారు ఆపేసి పోతే?

హారన్ కొట్టి లాభం లేదు, అది టిఫిన్ తింటున్నవాడి కారు. బంకు వాళ్లతో పిలిపించండి, నవ్వుతా చెప్పండి, వాడికి అది పార్కింగ్ అనే తెలుసు.

ఛార్జ్ అయ్యేలోపు గంట ఏం చేయాల? గుత్తి కోట చూసి రావచ్చా?

కోట ఎక్కి దిగటానికి గంట చాలదప్పా, మీరు పైన బురుజు దగ్గర ఫోటోలు దిగుతున్నప్పుడు కింద కారు ఫుల్ అయి గన్ ఖాళీ చేయనందుకు నిమిషానికి ఇంత అని కొన్ని యాప్‌లు కోసుకుంటాయి. దోశ తిని, టీ తాగి, కారు దగ్గరికి వచ్చేయండి. కోటకి వేరే రోజు రండి, ఇంట్లోనే ఫుల్ చేసుకుని.